ఊరా, పల్లెనా?

8 ఫిబ్రవరి 1988

పోలీసు కంట్రోల్ రూమ్‌లో మా కంప్యూటర్ పెట్టారు. గొడవైందని ఫోనొస్తే ఆపరేటర్ ఊరి పేరు కొడతాడు, ఏ వ్యాన్ ఎక్కడికెళ్లాలో స్క్రీన్ చెప్పాలి. ప్రోగ్రామ్ రాసేది నేను. రాసే ముందు హెడ్ కానిస్టేబుల్ అలీ సాహెబ్ పక్కన స్టూలేసుకుని కూర్చున్నాను. ఫోనెత్తగానే ఆయన మొదట అడిగేది ఒక్కటే, ఊళ్లోనా పల్లెలోనా అని. అదే నా స్క్రీన్ మీద మొదటి ప్రశ్న. ఊరికి దూరంగా వాగవతల మాలపల్లెలో పుట్టినదాన్ని, దాని విలువ నాకొకరు చెప్పక్కర్లేదు.

15 ఫిబ్రవరి

మా ఆఫీసర్ రామచంద్రమూర్తి గారు ఆ ప్రశ్న తీయించేశారు. ప్రభుత్వం స్క్రీన్ మీద కులం వాసన రాకూడదట. రెవెన్యూ రికార్డులో పల్లెకు వేరే పేరు లేదు కదమ్మా అన్నారు. పేరు లేకపోతే మనుషులు లేరా అండీ అన్నాను, గట్టిగానే. నవ్వారు. ఒళ్లు మండిపోయింది.

22 ఫిబ్రవరి

తమ్ముడు యేసుపాదం వచ్చాడు. మిరపకోతకు కూలి పెంచందే రామని పల్లె ఆడవాళ్లంతా పని మానేశారట. ముందు నిలబడింది వీడే. ఊరి ప్రెసిడెంటు కొడుకు కల్లంలో వీడి కాలర్ పట్టుకుని, నీ తోలు ఒలిచి కాయలతోపాటు ఎండేస్తాన్రా అన్నాడట. జాగ్రత్తరా అంటే, నాకేం భయమక్కా, నువ్వు పోలీసాఫీసులోనే ఉన్నావుగా అన్నాడు.

28 ఫిబ్రవరి, ఆదివారం

మా పల్లె మీద పడ్డారు.

29 ఫిబ్రవరి

ప్రార్థన జరుగుతుండగా చర్చిని చుట్టుముట్టారు. కిటికీల కింద తాలు మిరపకాయలు కుప్పపోసి తగలబెట్టారు. మిరప పొగకి ఊపిరాడక ఒక్కొక్కరే బయటికొస్తుంటే, గుమ్మం దగ్గర గొడ్డళ్లతో కాచుకుని నరికారు. తోమా పెదనాన్న మెడ తెగింది. పాస్టరు గారి చెయ్యి మెట్ల మీద పడింది. అమ్మ వెనక కిటికీలోంచి దూకి బతికింది. పెదనాన్నని నరికింది ప్రెసిడెంటు కొడుకే. తమ్ముడు కళ్లారా చూశాడు.

పక్కూరి పోస్టాఫీసు నుంచి ఫోనొచ్చింది. వ్యాన్ వేగంగానే వెళ్లింది, ఊళ్లో ప్రెసిడెంటు ఇంటికి! ఇక్కడేం గొడవండీ, కూర్చోండి అని ఆయన సోడాలిచ్చాడట. వాగవతల మావాళ్లు చస్తున్నారు.

అలీ సాహెబ్ చొక్కా పట్టుకుని గుంజాను. పెద్దాయన ఏడ్చేశాడు. ఇన్నేళ్లూ అడిగానమ్మా, ఇప్పుడు స్క్రీన్ అడగలేదని నేనూ అడగలేదు అన్నాడు.

3 మార్చి

పెదనాన్న చొక్కా తెచ్చి మూర్తి గారి టేబుల్ మీద పడేశాను. నెత్తురెండి అట్టకట్టింది. ఇది ఏ రికార్డులో ఉందండీ అని అరిచాను. నీ ప్రశ్న పెట్టుకోమ్మా అన్నారు. పెట్టాను. జవాబు కొట్టందే స్క్రీన్ ముందుకు కదలదు.

11 మార్చి, సాయంత్రం 5 గంటలు

మధ్యాహ్నం ప్రెసిడెంటు ఫోన్ చేశాడు. పల్లెవాళ్లు తన పత్తి తగలబెట్టారట. అలీ సాహెబ్ అడిగాడు, ఊరా పల్లెనా అని. పల్లె, అన్నాడు.

వ్యాన్ ఎవర్నీ దారి అడక్కుండా తిన్నగా వాగు దాటింది. తలుపులు పగలగొట్టారు. అడ్డమొచ్చిన అమ్మని బూటుతో తన్నారు. యేసుపాదాన్ని జుట్టు పట్టుకుని ఈడ్చుకొచ్చారు. నరికినవాణ్ని కోర్టులో చూపించగలిగేది వాడొక్కడే.

మా ఆఫీసు కింద గదిలోనే వాణ్ని కొడుతున్నారు. అక్కా అని అరుస్తున్నాడు. చేతులు వాచేదాకా తలుపు బాదాను, తీయలేదు. మూర్తి గారికి లోపలున్నది ఎవరో తెలీదు. ఈసారి వ్యాన్ ఎంత తొందరగా చేరిందో చూశావామ్మా అని మెచ్చుకున్నారు.

12 మార్చి

పొద్దున తమ్ముడి శవం ఇచ్చారు.

ఆ ప్రశ్న తీసేశాను. మళ్లీ పెట్టాను. తీసేశాను. ఫోన్ మోగుతోంది.