పదకొండో ప్రశ్న

కొంటా, బస్తర్ సంస్థానం
14 జూన్ 1946

ప్రియమైన కోసేకు,

బిడ్డ పుట్టాక, మావి ఇంకా పడకముందే బొడ్డుతాడు కోస్తే తల్లి ప్రాణానికి ముప్పా?

ఇది నీ పాఠంలోది కాదు. పదిహేడేళ్లుగా నాలోనే పెట్టుకుని తిరుగుతున్న ప్రశ్న. ప్రతి ఉత్తరంలో నీకు పది ప్రశ్నలు పంపుతాను కదా, ఈసారి ఇది పదకొండోది. నా దగ్గరున్న శరీరశాస్త్ర పుస్తకంలో దీనికి జవాబు దొరకలేదు. ఒకవేళ ఉన్నా నాకు అర్థం కాలేదేమో. మద్రాసులో కప్పల్ని కోసి జంతుశాస్త్రంలో బి.ఏ. పట్టా తెచ్చుకున్నదాన్ని, మనిషి ఒంటి గురించి నాకు తెలిసిందెంత? మీ ఆసుపత్రి డాక్టరమ్మగారిని అడిగి రాయి. ఎవరి సంగతి అని ఆవిడ అడిగితే తెలియదని చెప్పు. నీకూ ఇప్పుడే చెప్పను.

మిగతా పది మామూలువే. గుండెకు ఎన్ని గదులు, వాటిలో ఏ పక్క చెడు నెత్తురు, ఏ పక్క మంచి నెత్తురు. ఊపిరి లోపలికి పోయాక ఏమవుతుంది. కటిలో ఎన్ని ఎముకలు, ఆడవాళ్లకు అది వెడల్పుగా ఎందుకుంటుంది. తెగిన చోట నెత్తురు దానంతట అదే ఎలా గడ్డకడుతుంది. తక్కినవి వేరే కాగితం మీద రాసి జతచేశాను. చూసి రాయకు. పుస్తకం మూసి రాసి, ఆ తర్వాత తెరిచి, తప్పు నువ్వే పట్టుకో.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. శబరి నీళ్లు ఎర్రబడ్డాయి. బడికి తొమ్మిదిమంది వస్తున్నారు. నాట్లు మొదలైతే నలుగురే మిగులుతారు. పోయిన సంతకు మీ జోగి అత్త ఇప్పగింజలు తెచ్చింది. "మా పిల్ల ఎప్పుడొస్తది? బొక్కలు లెక్కబెట్టుడు ఇంకా కాలేదా?" అని అడిగింది. ఎముకలు రెండువందల ఆరు ఉన్నాయి, టైము పడుతుంది అన్నాను. "అన్ని బొక్కలా! నాకైతే నొచ్చేవి నాలుగే తెలుసు" అని నడుం పట్టుకుని నవ్వింది.

నవంబరు పరీక్ష నువ్వు గట్టెక్కితే మన కొంటా పక్కన చదువుకున్న మంత్రసాని నువ్వొక్కదానివే. ఇన్నాళ్లూ నాకున్న ఆశ అదే.

నీ మేలు కోరే
హైమవతి


మిషన్ ఆసుపత్రి, గోదావరి ఒడ్డు
9 జూలై 1946

ప్రియమైన పంతులమ్మగారికి,

మీ కోసే నమస్కరించి రాసేది.

పది ప్రశ్నలకూ పుస్తకం మూసే రాశాను. ఏడు సరిపోయాయి. గుండె నాలుగు గదుల ఇల్లు, నడుమ తలుపులు ఒక పక్కకే తెరుచుకుంటాయి అని రాశాను. ఊపిరితిత్తులు మా ఊరి కమ్మరి కొలిమితిత్తి లాంటివని రాస్తే, పక్క మంచం పిల్ల చదివి అందరికీ వినిపించింది. డాక్టరమ్మగారు నవ్వి, "పోలిక బాగుంది కానీ, పరీక్ష పేపరు దిద్దేవాళ్లు మీ కమ్మరిని చూడలేదు కదమ్మా" అన్నారు. అప్పటినుంచీ ఇక్కడ నా పేరు కొలిమి. అంతకుముందు అడవిపిల్ల. కొలిమే నయం.

మీ పదకొండో ప్రశ్న అడిగాను. ఆవిడ చేస్తున్న పని ఆపి చెప్పారు. తాడు కోసినందువల్ల తల్లికేమీ కాదట. తాడులో పోయేది బిడ్డ నెత్తురే, తల్లిది కాదు. కానీ మావి గర్భసంచి గోడనుంచి తనంతట తాను విడిపోవాలి. అది విడిపోకముందు ఎవరైనా తాడు పట్టుకుని లాగితే, సగం ఊడి సగం అంటుకుని ఉన్న చోట నెత్తురు ఆగదు. ఒక్క గంట చాలట. చెప్పి, "ఎవరమ్మా లాగింది?" అన్నారు. మీరు చెప్పినట్టే తెలియదన్నాను. ఆవిడ, ఎవరూ లాగకపోయినా అలా పోయే తల్లులు ఉంటారని కూడా అన్నారు.

పంతులమ్మగారూ, మా అమ్మ ముయె నన్ను కన్న పొద్దే పోయింది. మీకు తెలిసిందే. గాలి తగిలి పోయిందని అత్త చెప్పేది. ఇది ఎవరి సంగతి?

మీ
కోసే


కొంటా
2 ఆగస్టు 1946

ప్రియమైన కోసేకు,

నువ్వు అడిగావు కాబట్టి చెబుతున్నాను. నువ్వు అడిగేలా చేసిందీ నేనే. ఎదురుగా చెప్పే ధైర్యంలేక పాఠంలో కలిపి పంపాను.

1929 డిసెంబరు. మావారు తహసీలులో గుమాస్తా. కొలతల పని మీద మీ ఊరికి వస్తూ నన్ను వెంట తెచ్చారు. కొంటాకు కాపురానికొచ్చి అప్పటికి ఆర్నెల్లు. మధ్యాహ్నం మీ నాన్న హడ్మా పరుగున వచ్చి గుడారం దగ్గర నిలబడ్డాడు. ఊళ్లో కాన్పులు చేసే ముసలామె ఆ పూట వేరే ఊళ్లో ఉందట. చదువుకున్న ఆడమనిషి వచ్చిందని ఎవరో చెప్పారట. నాకు ఇరవైఏడేళ్లు. కాన్పు అనేది కళ్లతో చూసి ఎరగను. అయినా వెళ్లాను. తెలియదని చెప్పడానికి నామోషీ అడ్డొచ్చింది.

నేను వెళ్లేసరికి నువ్వు పుట్టేశావు. మీవాళ్ల పద్ధతి నీకు తెలుసు. మావి పడేదాకా తాడు కోయరు, బిడ్డను అలాగే తల్లి పక్కన నేలమీద ఉంచుతారు. చలికి నువ్వు నీలంగా అవుతున్నావు. పసిగుడ్డును మట్టిలో పడేస్తారా అని మీ జోగి అత్తమీద కేకలేశాను. అన్నం కుండలో కత్తెర మరగబెట్టించి కోసేశాను. కోసేటప్పుడు గర్వంగా కూడా అనిపించింది. నిన్ను గుడ్డలో చుట్టి ఇచ్చాను.

అప్పుడు జోగి అంది: "కోసినవ్ గద. ఇగ ఆ కొస లోపలికి పోతది. పోతే మనిషి దక్కది. పట్టుకో."

మీ పద్ధతిలో ఆ భయం లేదు. బిడ్డే ఆ తాడును పట్టుకుని ఉంటుంది కదా. నేను కోసినందువల్ల పుట్టిన భయం అది. తాడు లోపలికి పోదని చెప్పేంత చదువు నాకు లేదు. జారిపోతుంటే గుడ్డముక్క వేలికి చుట్టుకుని పట్టుకున్నాను. అది బాగా గుర్తుంది. లాగానా? ఎంతసేపు పట్టుకున్నాను? ఆ తర్వాత గుర్తున్నదల్లా నెత్తురే. పొద్దు గుడిసె వెనక్కి వాలకముందే మీ అమ్మ పోయింది. చివరిదాకా ఆమె నన్నేమీ అనలేదు. నీళ్లు అడిగింది.

కోయడం తప్పు కాదని మీ డాక్టరమ్మగారు చెప్పిందాకా, కోయడమే తప్పని అనుకుంటూ వచ్చాను. ఇప్పుడు ఆ తప్పు కత్తెరనుంచి నా వేలికి వచ్చింది.

మావారు పోయాక మా అన్నయ్య రమ్మన్నా వెళ్లకుండా ఈ బడి పట్టుకుని ఇక్కడే ఉన్నది ఎందుకో, ఆరేళ్ల నిన్ను మీ నాన్నతో పోట్లాడి బడిలో వేయించింది ఎందుకో, నీకిప్పుడు తెలిసింది. ఏమనుకుంటావో అనుకో. పరీక్ష మాత్రం మానకు.

హైమవతి


కొంటా
11 అక్టోబరు 1946

ప్రియమైన కోసేకు,

పది వారాలైంది. శబరి పొంగి తపాలా ఆగిపోయిందనుకుని ఆగస్టు అంతా మనసుకు సర్దిచెప్పుకున్నాను. ఇప్పుడు నది తగ్గింది. అందరికీ ఉత్తరాలు వస్తున్నాయి. మా అన్నయ్యది కూడా వచ్చింది.

జవాబు రాయమని అడగను. పది ప్రశ్నలు పంపుతున్నాను. పదకొండోది లేదు. జవాబులు నాకు పంపకపోయినా సరే, నీలో నువ్వు చెప్పుకో. మీ అత్త సంతకు రావడంలేదు. ఒంట్లో బాగోలేదని విన్నాను. వెళ్లి చూద్దామని రెండుసార్లు బయల్దేరి మీ ఊరి గట్టుదాకా పోయి తిరిగొచ్చాను.

హైమవతి


మిషన్ ఆసుపత్రి
18 డిసెంబరు 1946

ప్రియమైన పంతులమ్మగారికి,

కోసే రాసేది. పరీక్ష పాసయ్యాను. పద్నాలుగుమందిలో రెండోదాన్ని.

మీ ఆగస్టు ఉత్తరం అందినాక నేను ఊరికి వచ్చాను. మీకు తెలియదు. ఎనిమిది రోజులు సెలవు అడిగి, కూనవరందాకా లాంచిలో, అక్కడినుంచి శబరి మీద పడవలో కొంటా దిగాను. వరద నీళ్లకు పడవవాడే భయపడ్డాడు. మీ బడి వెనక సందులోంచే పోయాను. లోపల పిల్లలు ఎక్కాలు చెబుతున్నారు. ఏడో ఎక్కం దగ్గర ఎవరో తప్పు చెబితే మీరు మళ్లీ మొదటినుంచి చెప్పించారు. విన్నాను. ఆగలేదు.

అత్తకు మీ ఉత్తరం మొత్తం చదివి వినిపించాను. చిక్కుడుకాయలు గిల్లుతూ విన్నది. మొత్తం అయిపోయినాక, "పంతులమ్మకు సగమే యాదికున్నది" అన్నది.

అత్త చెప్పింది చెప్పినట్టే రాస్తున్నా. "పట్టుకున్నది ఆమెనే, అబద్ధం కాదు. ఇంకిన్ని వేడినీళ్లు తెస్తా అని బయటకు పోయింది. పోయేటప్పుడు కొస నా చేతికి ఇచ్చింది. మావి పడతలేదు. ముయె మొహం తెల్లగైతాంది. నాకు భయమైంది. గుంజిన. ఆమె కాదు, నేను గుంజిన."

ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదు అత్తా అన్నాను.

"చెప్తే నా చేతి అంబలి తాగుతుంటివా?" అన్నది.

మీ ఇద్దరి మీదా కోపం వచ్చింది. ఒకరు చదువు చెబుతూ దాచారు, ఒకరు అంబలి పోస్తూ దాచారు. ఆ కోపంతో ఉత్తరం రాస్తే చేతికి ఏ మాట వస్తుందోనని పరీక్ష అయ్యేదాకా రాయలేదు. అక్టోబరులో మీరు పంపిన పది ప్రశ్నలకు జవాబులు మాత్రం రాసుకున్నా. తొమ్మిది సరిపోయాయి.

పరీక్షలో ఒక ప్రశ్న వచ్చింది. బిడ్డ పుట్టిన తర్వాత మావి పడేలోపు మంత్రసాని చేయకూడని పనులేవి? పుస్తకంలో ఆరు ఉన్నాయి. ఆరూ రాశాను. కింద ఒకటి నేను కలిపాను: తెలియనిది తెలిసినట్టు ఉండకూడదు. దానికి మార్కులు ఇచ్చారో కోశారో తెలియదు.

నన్ను ఇక్కడే ఉండమంటున్నారు. ఉండను. ఫిబ్రవరిలో కొంటాకే వస్తాను. మీ కోసం కాదు, అత్త కోసమూ కాదు. మా ఊళ్లో ఇప్పటికీ మావి పడేదాకా తాడు కోయరు. వాళ్ల పద్ధతి వాళ్లను చేసుకోనిచ్చి, బిడ్డకు చలి తగలకుండా మాత్రం నేను చూసుకుంటా.

అత్త చెప్పింది నేను నమ్మాను. మీరూ నమ్మండి. పదకొండో ప్రశ్న కొట్టేయండి.

మీ
కోసే


కొంటా
9 జనవరి 1947

ప్రియమైన కోసేకు,

నీ ఉత్తరం అందిన మర్నాడే మీ ఊరు నడిచి వెళ్లాను. ఈసారి గట్టు దగ్గర ఆగలేదు.

మీ అత్త ఎండలో చాప వేసుకుని కూర్చుని ఉంది. చాలా చిక్కింది. నీకు చెప్పిందే నాకూ చెప్పింది, ఒక్క మాట తేడా లేకుండా. ఆ పొయ్యి ఎక్కడుండేదో చూపించింది, గుడిసె బయట, మూడు రాళ్లు. నేను నీళ్లకోసం బయటికి వచ్చానంటే వచ్చి ఉండొచ్చు. కత్తెర మరగబెట్టిన నీళ్లు గుర్తున్నాయి. రెండోసారి పొయ్యి దగ్గరికి వచ్చినట్టు ఎంత తవ్వుకున్నా గుర్తుకురావడంలేదు. వేలికి చుట్టిన గుడ్డ గుర్తుంది. దాన్ని విప్పి ఎవరి చేతికైనా ఇచ్చినట్టు గుర్తులేదు.

ఒక సంగతి నీకు తట్టిందో లేదో. నువ్వు నా ఉత్తరం మొత్తం చదివి వినిపించాకే కదా జోగి నోరు విప్పింది. లాగడమే తప్పని అప్పటికే విన్నది. నేను ఆ భారంతో ఉన్నానని విన్నది. తన రోజులు దగ్గరపడ్డాయని ఆమెకు తెలుసు. మీ నాన్న ఎప్పుడో పోయాడు, తనూ పోతే నువ్వు కొంటాకు వచ్చాక నీకు మిగిలేది నేనేనని కూడా తెలుసు. అలాంటి మనిషి అబద్ధం చెప్పదా? నేనైతే చెప్పేదాన్నేమో.

ఈ మాటే అడిగాను. జోగీ, నన్ను తప్పించడానికి అంటున్నావా అన్నాను. ఆమెకు కోపం వచ్చింది.

"బిడ్డకు చదువు నువ్వే చెప్పినవ్. బడిల పేరు నువ్వే రాయించినవ్. తప్పు కూడా నీకే కావాల్నా పంతులమ్మా? మాకేం మిగలొద్దా?"

తర్వాత ఆమే అంబలి పోసిచ్చింది. తాగాను. వచ్చేటప్పుడు, పిల్ల వచ్చేనాటికి ఇంటి కప్పు గడ్డి మార్పించమని నాకు పురమాయించింది.

దారి పొడుగునా ఒకటే ఆలోచన. లాగింది జోగి చెయ్యే అయితే నాకు ఊరట కలగాలి. కలగలేదు. నిన్ను చదివించింది, పదిహేడేళ్లు ఈ ఊరు విడిచి వెళ్లనిది, ఆ తప్పు నాదని. ఆ తప్పు నాది కాకపోతే ఇదంతా ఎందుకు చేశానో నాకే తెలియకుండా పోతుంది. నీ మీద ప్రేమతోనే చేశానని రాయాలని ఉంది. రాస్తే నువ్వు నమ్ముతావు కూడా. కానీ అది నిజమో కాదో ఎప్పుడూ విడిగా చూసుకోలేదు.

బొడ్డు కోసింది నేను. తెలిసినట్టు నటించింది నేను. ఈ రెండింటిలో నాకు అనుమానం లేదు. ఆ కొస లాగినప్పుడు అది నా వేలికి ఉందా, జోగి చేతిలో ఉందా? తెలియదు, కోసే. నువ్వు కొట్టేయమన్న ప్రశ్నను కొట్టేయలేకపోతున్నాను. జోగిని నమ్మాలో, నా వేలిని నమ్మాలో తేల్చుకోలేకపోతున్నాను.

నువ్వు రా. ఇంటి గడ్డి మార్పిస్తున్నాను.

ఎప్పటికీ నీ
హైమవతి