వలలో చిక్కిన చుక్కల సొర

సూర్యలంక
1989, ఆదివారం రాత్రి

పొద్దున ఒడ్డుకు లాగుతున్న మా అలివి వలలో పెద్ద సొరచేప చిక్కింది. ఒళ్లంతా తెల్లటి చుక్కలు. మొన్న తెనాలి సర్కస్‌లో చూసిన ఏనుగుకు రెండింతల పొడవుంటుంది.

వల కోసి వదిలేస్తానని నాన్న కత్తి పట్టుకుని మెడలోతు నీళ్లలోకి వెళ్లాడు.

"తోక తగిలితే చస్తావన్నయ్యా, వచ్చెయ్!" అని బాబాయి అరిచాడు.

"ఏంటిరా ఆ గోల? అది బెదురుద్ది, ఊరుకో," అన్నాడు నాన్న.

రెక్కకు బిగుసుకున్న తాళ్లను ఆయన ఒక్కొక్కటే కోస్తుంటే అది కదలకుండా అలాగే ఉండిపోయింది. సర్కస్‌లో ఏనుగు కింద పడుకున్న మనిషిని తొక్కకుండా ఎంత ఒద్దికగా దాటిందో! అంకుశం భయమనుకున్నాను. దీనికి అంకుశమూ లేదు, మావటీ లేడు. అంత బలాన్ని అణుచుకోవడం ఎవరు నేర్పారో?

చివరి తాడు తెగగానే తోక ఒక్కసారి ఊపింది. నాన్న మునిగిపోయాడు. ఆయన పైకి తేలేసరికి చేప లోతుకు వెళ్లిపోయింది.

"ఉన్న ఒక్క వలనీ కోసేశారు. రేపు వేటకెలా వెళ్తారండీ?" అంది అమ్మ. నాకూ అదే దిగులుగా ఉంది.

అన్నం తినేటప్పుడు నాన్నని భయమేసిందా అని అడిగాను.

"వేసింది తల్లీ. దానికి నాకంటే ఎక్కువేసింది. అయినా కదల్లేదు చూడు..."