తట్టు టీకా కాగితం

క్యారీ (అమెరికా),
20 ఆగస్టు 2009

చి.సౌ. ఛాయకు,

లహరి సీటు పోలేదు. ముందు ఈ మాట చదివి స్థిమితపడు, మిగతాది వరసగా రాస్తాను.

మీ స్టట్‌గార్ట్ నుంచి ఎక్స్ఛేంజ్ మీద ఇక్కడి యూనివర్సిటీలో ఒక సెమిస్టర్ చదవడానికి వచ్చిన పిల్లలందరికీ క్లాసులిచ్చి, దీనికొక్కదానికే ఆపేశారు. చిన్నప్పుడు తట్టు టీకా వేయించిన కాగితం లేదట. శుక్రవారంలోగా చూపించకపోతే ఈ సెమిస్టర్ లేనట్టే. "పెద్దమ్మా, సూట్‌కేసు విప్పనులే" అంది నీ కూతురు.

రక్తపరీక్షలో తట్టు రాదని తేలినా చాలని యూనివర్సిటీ ఆఫీసులో చెప్పారు. సోమవారం పరీక్ష చేయించాను. నిన్న రిపోర్టు వచ్చింది. ఇక తట్టు రాదట! ఇవాళ పొద్దున్నే క్లాసుకి వెళ్లింది. రిపోర్టు కాపీ ఇందులో పెట్టాను, జాగ్రత్త చెయ్యి.

ఎందుకు రాదో నీకు తెలుసు. దాని మూడో ఏట, చంటిపిల్లతో ప్రయాణం వద్దని నువ్వంటున్నా వినకుండా విజయవాడలో మా గృహప్రవేశానికి రప్పించాను. మా ఇంట్లోనే దానికి తట్టు పోసింది. ఆ తర్వాత ఏడాదిపాటు నువ్వు నాతో మాట్లాడలేదు. ఇదంతా చెబితే లహరి పకపకా నవ్వి, "థాంక్స్ పెద్దమ్మా" అంది.

తప్పు నాదేనని నీతో అనాలని ఇన్నేళ్లూ అనుకుంటూనే ఉన్నాను. ఇక అనను.

ఆశీస్సులతో,
అక్క