పినాంగులో పెట్టిన టిక్కులు

నరసరావుపేట,
11 ఫిబ్రవరి 1962.

ఏమండీ,

రేపు మీ తద్దినం. ఆలోపు ఒక తప్పు ఒప్పుకోవాలని రాస్తున్నాను.

కోటప్పకొండ మెట్లెక్కే సత్తువ పోకూడదని, డ్రిల్లు మాస్టారైన మీరు నాకు రోజుకు ఇరవై గుంజీలు నేర్పారు. నిరుడు మలయాలోని పినాంగులో అమ్మాయి ఇంట ఉన్న ఏడాదంతా ఒక్కటీ తీయలేదు. ఇరుగుపొరుగు నవ్వుతారని సిగ్గుపడ్డాను. మీరిచ్చిన నోటుబుక్కులో మాత్రం రోజూ టిక్కు పెట్టాను.

ఈ ఉదయం కొండ మీద యాభయ్యో మెట్టుకే కూలబడ్డాను.

"ఒక్క పూటన్నా మానలేదంటివి గదా నాయనమ్మా, ఇదేంది?" అంది మనవరాలు సరళ.

"ఎండ" అన్నాను. నమ్మింది. చేయని లెక్కకు టిక్కు పెట్టిందని మొన్ననే దాన్ని అరగంట నిలబెట్టాను.

ఇక జరగవలసినవి:

1. ఆ టిక్కులన్నీ ఎర్రసిరాతో కొట్టివేయాలి.
2. సరళకు నిజం చెప్పి, అరగంట నిలబడాలి.
3. ఎల్లుండి నుంచి వీధి అరుగు మీదే, అందరూ చూస్తుండగా, గుంజీలు తీయాలి.