మాస్కు తీసిన గంట

అల్ వక్రా, ఖతార్

శోభ వదినకు,

నర్సింగ్ అన్న సైటులో పరంజా మీద నుంచి పడ్డాక, తొడ ఎముక అతుక్కుంటుండగా న్యుమోనియా ఎందుకు వచ్చిందని మీరు అడిగారు. తెలియదన్నాను. ఫోనులో నిజం చెప్పడానికి ధైర్యం చాలక ఇప్పుడు రాస్తున్నాను.

ఆపరేషన్ అయిన మూడో రోజు ఆసుపత్రికి వెళ్ళాను. నాకు అప్పటికే దగ్గు ఉంది. నా మాట అన్నకు సరిగా వినబడడం లేదని మాస్కు తీసేసి, మంచం పక్కనే గంటసేపు కూర్చున్నాను. నాలుగు రోజులకు అన్నకు జ్వరం, ఆయాసం మొదలయ్యాయి.

అన్నను చూస్తున్న డాక్టర్ అపూర్వ గారు తెలుగావిడే. పెద్ద దెబ్బ తగిలాక, రోగాలతో పోరాడే రక్తకణాలు మొదట గాయం మీదికి ఉరికి, తర్వాత కొన్నాళ్ళు మందగిస్తాయట. అప్పుడు కొత్త క్రిములు వస్తే సరిగా ఎదుర్కోలేవట.

"నా వల్లేనా మేడం?" అని అడిగాను.

"అవునని చెప్పలేనండి. కాదని కూడా చెప్పలేను" అన్నారు.

నిన్న జ్వరం దిగింది, ఆక్సిజన్ తీసేశారు. గుమ్మం దగ్గరే నిలబడి అన్నకు అంతా చెప్పాను. "అన్ని దినాలల్ల నన్ను సూడొచ్చినోడివి నువ్వొక్కనివే గదరా" అన్నాడు.

అన్న తిట్టలేదు. మీరు తిట్టినా సరే, జవాబు మాత్రం రాయండి.

క్యాంపులో అన్న గదిలోనే ఉండే
మీ మరిది