గుడ్డ కట్టిన కుండ

హైదరాబాదు, అబిడ్స్
18 జులై 1944, మంగళవారం

చిరంజీవి శ్యామ్‌సుందర్‌కు,

అక్క ప్రభావతి దీవెనలు. ఇక్కడ మేమందరం బాగున్నాం. గుల్బర్గాలో నువ్వూ, మరదలూ, పిల్లలూ సుఖంగా ఉన్నారని తలుస్తాను. వానలు మొదలయ్యాయి, వాటితోపాటే మీ బావగారి మోకాళ్ళ నొప్పీ వచ్చింది. మా అత్తమ్మకు రోగం లేదు కానీ భక్తి ముదిరింది. ఇదివరకు శనివారం ఒక్కటే ఒక్కపొద్దు ఉండేది. ఇప్పుడు సోమవారం శివుడికి, మంగళవారం ఆంజనేయుడికి, గురువారం దత్తాత్రేయుడికి కూడానట. ఒంటిపూట తిండితో మనిషి సగమైంది. చెబితే వినదు. మా గల్లీలో ముసలమ్మలందరికీ ఇదే పిచ్చి పట్టుకుంది.

ఇక అసలు సంగతికి వస్తాను. నీ స్నేహితుడు జనార్దన్ చెల్లెలు అహల్యకు నువ్వు నాంపల్లి ఇంట్లో రెండు గదులు కిరాయి లేకుండా ఇచ్చి రెండేళ్ళవుతోంది. స్టేషన్ దగ్గరి బడిలో పంతులమ్మ ఉద్యోగం మానుకుని, ఆ బడి పిల్లలకే ఆ గదుల్లో మధ్యాహ్నం అన్నం వండి పెడుతోంది. కూలీల పిల్లలు, టాంగావాళ్ళ పిల్లలు, అందరూ కలిపి అరవై మంది. పొద్దున వచ్చేటప్పుడు ఒక్కొక్కరూ పిడికెడు బియ్యం తెచ్చి కుండలో వేయాలి, అదే భోజనానికి ధర. కుండ మూతికి గుడ్డ కట్టి, చెయ్యి దూరేంత సందు పెట్టింది. ఎవరెంత వేశారో ఎవరికీ కనబడదు. ఇదేం పద్ధతే అని అడిగితే, ఊరికే పెడితే పిల్లలు తల వంచుకుని తింటరక్కా, పిడికెడు ఏసినోళ్ళు ఇంకింత పెట్టుమని గట్టిగ అడుగుతరు అంది.

మాట బాగానే ఉంది. కానీ చిన్నపిల్లల పిడికిలి ఎంతుంటుంది? అరవై పిడికిళ్ళు కలిపినా ముప్పై మందికి చాలవు. పైగా కొన్ని ఖాళీ పిడికిళ్ళు! ఒక పిల్ల ఉత్త చెయ్యి లోపల పెట్టి తీయడం నా కళ్ళారా చూశాను. ఆ మాట అహల్యతో అంటే, చూస్తే చూసినవు గని జర చూడనట్టే ఉండక్కా అని నన్నే బతిమాలింది. మధ్యాహ్నం చూద్దును కదా, ఆ పిల్ల విస్తట్లోనూ అందరికీ పెట్టినంత అన్నమే ఉంది.

పప్పు అఫ్జల్‌గంజ్‌లోని వామన్‌రావు దుకాణం నుంచి వస్తుందని అందరికీ తెలుసు, ఆయన ధర్మాత్ముడు. మరి తక్కువపడిన బియ్యం ఎక్కడివి? రేషన్ చీటీ మీద మనకే బొటాబొటీగా వస్తున్న రోజులివి. నిలదీసి అడిగితే, దేవుడే పంపుతున్నడు, ఫికర్ చెయ్యకు అని నవ్వేసింది. దేవుడి పేరు చెప్పి తప్పించుకునేవాళ్ళను నేను చచ్చినా నమ్మను.

అందుకని వారం రోజులు గుడికని చెప్పి పోయి, మీ నాంపల్లి ఇంటి పెరటి గుమ్మానికి ఎదురు అరుగు మీద కూర్చుని కాపు కాశాను. మా ఇంట్లో గిన్నెలు తోమే కిష్టవ్వ పెరటి దారిన వచ్చింది. కొంగు చాటున మూట. ఏందే అది అంటే, పాత బట్టలమ్మా అంది. పాత బట్టలు గడప మీద గింజలు రాల్చుతాయా? ఏరుకుని ఇంటికి తెచ్చి మా డబ్బాలో బియ్యం పక్కన పోసి చూశాను. అచ్చం అవే ఎర్ర నూకలు, అవే మట్టిబెడ్డలు. అంటే రేషన్ బియ్యమే! రేషన్ దుకాణంవాడు దొంగచాటుగా అమ్మేస్తుంటే, కిష్టవ్వ మోస్తోందన్నమాట.

తమ్ముడూ, నాకు ఆ పిల్లల మీద పగ లేదు. వాళ్ళు తింటుంటే చూడముచ్చటగానే ఉంటుంది. కానీ నువ్వు సర్కారు నౌకరీలో ఉన్నవాడివి. రేపు పోలీసులు వచ్చి నీ ఇంట్లో దొంగ బియ్యం పట్టుకుంటే నీ ఉద్యోగం ఏంగాను? ఆ భయంతో నాకు కంటి మీద కునుకు లేదు. గదులు ఖాళీ చేయమని నీ చేత్తో రెండు ముక్కలు రాసి పంపు. తాళం కొని పెట్టాను. మిగతాది నేను చూసుకుంటాను.

మరదలికి, పిల్లలకు నా దీవెనలు చెప్పు.

నీ మేలు కోరే అక్క,
ప్రభావతి

తా.క. కవరు అంటించడానికి నాలుగు మెతుకుల కోసం వంటింట్లోకి వెళ్ళాను. అత్తమ్మ బియ్యం డబ్బా ముందు కూర్చుని ఉంది. పొయ్యి మీదికి కొలిచిన బియ్యంలోంచి తన పూట బియ్యం తీసి గుడ్డలో మూట కడుతోంది. కిష్టవ్వ కొంగు పట్టుకుని నిలబడింది. నన్ను చూసి ఇద్దరూ బిగుసుకుపోయారు. ఏడాది నుంచి మా గల్లీలో పద్నాలుగు మంది ముసలమ్మలు ఒక్కపొద్దు ఉండి మిగిల్చిన బియ్యమట అవి. నాకెందుకు చెప్పలేదత్తమ్మా అంటే, నీకు చెప్తే గిద్దెతోటి కొలుస్తవు బిడ్డా, అందుకే చెప్పలే అంది. కోపంగా కూడా అనలేదు. నాకు ఏడుపొచ్చింది. గల్లీ అంతా తెలిసిన సంగతి నా దగ్గరే దాచేటంత పిసినారినా నేను?

తాళం తిరిగి ఇచ్చేస్తాను. గదులు అలాగే ఉండనీ. ఈ ఉత్తరం చింపేద్దామనుకున్నాను, కానీ నీ అక్క బుద్ధి నీకూ తెలియాలని పంపుతున్నాను. అన్నట్టు, రేపు బుధవారం నాకూ ఒక్కపొద్దే. ఏ దేవుడికన్నది ఇంకా తేల్చుకోలేదు.