ఒక్కసారే గుంజిన తాళం

వనపర్తి

మేనత్తకు స్వరూప నమస్కరించి రాసే సంగతులు.

ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? ఫోన్లో నీకు సరిగా వినపడదు కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను. నీ కొడుకు కురుమూర్తి బావ ఇంటి గృహప్రవేశానికి నేను రాలేదని నీకు కోపమొచ్చిందట. జరిగింది విను.

ఆ రోజు ఇంటికి తాళం వేసి బస్టాండుకు వచ్చాను. తాళం పడిందో లేదోనని అనుమానం. వెనక్కి వెళ్లి లాగి చూశాను. మళ్లీ బస్టాండు, మళ్లీ అనుమానం. అలా తిరుగుతుండగానే ఆఖరి బస్సు వెళ్లిపోయింది. గుమ్మంలో కూర్చుని ఏడ్చాను. స్టవ్వుతో ఇదే గొడవ, చేతులు కడుక్కోవడంతో ఇదే గొడవ. వేళ్ల సందుల్లో చర్మం పగిలిపోయింది. చివరికి మా ఆయన మహిపాల్ నన్ను పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. డాక్టరు అన్నీ అడిగి, నాకు ఓసీడీ అని కాగితం మీద రాసిచ్చాడు. ఎవరికీ చెప్పకు.

నీ కోడలు,
స్వరూప

తా.క.: కవరు అంటించాక నీ పేరు రాశానో లేదోనని మళ్లీ చించాను. కవర్ల కొట్టాయన నన్ను చూడగానే లేచి నిలబడుతున్నాడు.

అమ్రాబాద్

చిరంజీవి మేనకోడలికి అత్త హన్మమ్మ దీవెనలు.

ఉత్తరం అందింది. కంటికి పొరొచ్చి సగమే కనవడ్డది గాని అసలు ముక్క కనవడ్డది. నీకు ఓసీడీ వచ్చిందంట గద బిడ్డా! పెద్ద డాక్టరే రాసిచ్చిండంటే మాటలా? మనింట్ల పది దాటినోళ్లు లేరు, నువ్వు ఇంటిపని చేసుకుంటనే గంత సాధిస్తివి. ఎవరికీ చెప్పొద్దన్నవ్, దిష్టి తగుల్తదని గావచ్చు. నాకు ఆగలే, వాడకట్టు మొత్తం లడ్డూలు పంచిన. ఇంతకీ జీతమెంత?

నీ మేలు కోరే
అత్త

తా.క.: మన వాడకట్టు కిష్టయ్యకు పింఛను కాయితం మీద నీ సంతకం కావాల్నంట. ఎన్నడొస్తవ్?

వనపర్తి

అత్తకు స్వరూప దండాలు.

అది ఉద్యోగం కాదత్తా, జబ్బు. తాళం వేశానని చేతులకు తెలుసు, మనసే నమ్మదు. "ఒకవేళ పడకపోతే?" అంటుంది. ఆ భయం పోవాలని లాగి చూస్తాను. పోయినట్టే పోయి ఇంకా పెద్దదై వస్తుంది. డాక్టరు మందులిచ్చి ఒక సాధన చెప్పాడు. తాళం వేసి, ఒక్కసారి లాగి, వెళ్లిపోవాలి. భయం వస్తే రానివ్వాలి, దాన్ని వెంటబెట్టుకునే నడవాలి. "తాళం పడ్డదా?" అని నేనడిగితే మహిపాల్ జవాబు చెప్పకూడదు. చెబితే అనుమానం ఇంకా బలుస్తుందట. అందుకే ఆయన పెదవి కదపడం లేదు. నిన్న ఏడ్చినా కదపలేదు.

ఉంటాను,
స్వరూప

తా.క.: లడ్డూలు బాగా కుదిరాయా?

అమ్రాబాద్

కోడలికి దీవించి రాసేది.

ఉత్తరం చదివిన. జబ్బు సంగతి తర్వాత, మొగడు మాట్లాడకపోవుడేంది? ఏడుస్తున్నా పెదవి కదపడా? పెద్దమనుషులు మాసయ్యను, కిష్టయ్యను మీ ఇంటికి తోలుతున్న. ఆయన నోరు తెరిచేదాంక లేవొద్దని చెప్పిన.

ఇంకొకటి. వచ్చే వారం నాగర్‌కర్నూల్ దవాఖానల నాకు కంటి ఆపరేషన్. కురుమూర్తి పనికోసం పుణె పోయిండు. నువ్వు పక్కనుంటే నాకు జర ధైర్యం. రాలేకపోయినా ఏమనుకోను బిడ్డా, బస్టాండు దాంక వచ్చి వాపస్ పోయినా వచ్చినట్టే అనుకుంట.

అత్త హన్మమ్మ

తా.క.: సంగతి తెలిసి కొందరు నవ్వుతుండ్రు. నవ్వనీ. తిన్న లడ్డూలైతే వాపస్ ఇయ్యలేరు గద.

వనపర్తి

అత్తకు స్వరూప ప్రేమతో నమస్కారాలు.

నీ కంటి కట్టు విప్పారు కాబట్టి ఈ ఉత్తరం మొత్తం నువ్వే చదువుకుంటావు. దవాఖానలో చెప్పలేకపోయినవీ, అప్పటికి నాకే తెలియనివీ రాస్తున్నాను.

నువ్వు పంపిన పెద్దమనుషులు వచ్చారు. "ఏమయ్యా, ఆమె అడుగుతుంటే చెప్పవేంది? తాళం పడ్డదా, లేదా?" అని మాసయ్య గద్దించాడు. నేను పక్కనే ఉన్నానని మహిపాల్ నోరు విప్పలేదు. విసుగొచ్చి కిష్టయ్య తనే వెళ్లి తాళం లాగి చూసి కూర్చున్నాడు. కాసేపటికి మళ్లీ లేచాడు. "గిది అంటుకునేటట్టుందే" అని ఇద్దరూ చాయ్ కూడా తాగకుండా బస్సెక్కారు.

నీ ఆపరేషన్ రోజు పొద్దున తాళం వేశాను. ఒక్కసారి లాగాను. చెయ్యి మళ్లీ తాళం మీదికే పోతుంటే, సంచిని రెండు చేతులా పట్టుకుని నడిచాను. బస్సులో గోపాలపేట దాటేదాకా చెమటలే. తలుపు బార్లా తెరిచి ఉన్నట్టు, ఇల్లంతా దోచుకుపోతున్నట్టు కళ్లముందు కనిపిస్తూనే ఉంది. అయినా దిగలేదు. నువ్వు నా చెయ్యి తడిమి "వచ్చినవా బిడ్డా" అన్నాక, ఆ భయం ఎప్పుడు జారిపోయిందో నాకే తెలియలేదు.

మూడో రోజు ఇంటికొచ్చి తాళం తీశాను. లోపల మహిపాల్! గడ్డం మాసిపోయి, చాప మీద కూర్చుని ఉన్నాడు.

"ఇదేంది, నువ్విక్కడ?"

"షాపుకు పోయినోన్ని చార్జర్ మర్చిపోయి వాపస్ వచ్చిన, నా తాళంచెవి షాపులనే ఉన్నది. నువ్వు వంటింట్ల ఉన్నవ్, చూడలే. వెనక అర్రల దేవులాడుతుంటే తాళమేసిన చప్పుడైంది. పిలుద్దామని నోరు తెరిచిన. గంతల్నే నువ్వు గుంజినవ్. ఒక్కసారే. రెండోసారి గుంజలే. నీ అడుగులు దూరం పోతున్నయ్. ఇగ నోరు మూసుకున్న."

"ఫోన్ చేస్తే షాపుల ఉన్ననంటివి!"

"నిజం చెప్తే బస్సు దిగి రావా?"

"పోనీ, ఎవరితోనన్నా తాళం పలగ్గొట్టించుకోవద్దా?"

ఆయన తల వంచుకున్నాడు. "నువ్వు ఒక్కసారి గుంజి వదిలిపెట్టిన తాళం అది. పలగ్గొట్టబుద్ధి గాలే."

పక్కింటి గీత కిటికీ ఊచల్లోంచి జొన్నరొట్టెలు అందించిందట. వీధిలో అందరికీ తెలుసట, ఒక్కరూ నాకు ఫోన్ చేయలేదు. అత్తా, నన్ను చూసి గర్వంగా ఉందని దవాఖానలో అన్నావు కదా. అందులో సగం ఆ లోపల కూర్చున్నాయనకు పంపు.

జబ్బు పోలేదు. చేతులు కడిగే దగ్గర ఓడిపోతున్న రోజులు ఇంకా ఉన్నాయి. కానీ బస్సులు మాత్రం అందుతున్నాయి. డాక్టరుకు ఇదంతా చెబితే, "తాళం పడ్డదో లేదో మూడు రోజులు లోపలే ఉండి చూసిన మనిషి నాకు ఇంతవరకు దొరకలేదు" అని కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు.

నీ కోడలు,
స్వరూప

తా.క.: ఇప్పుడు ఇల్లు దాటేముందు "లోపల ఎవరన్నా ఉన్నరా?" అని పిలుస్తున్నాను. ఒక్కసారే.